జమా-ఖర్చు: సంతకం ఎవరిది, పూచీ ఎవరిది?



మన సంఘం వెబ్‌సైటును చూసుకునే యువ సభ్యులకు ఈ మధ్య ఒకే రకం ఈమెయిళ్ళు పదే పదే వస్తున్నాయి. "మీ సైటు చాలా బాగుంది. అందులో మేము రాసి ఇచ్చే ఒక వ్యాసం వేయండి. ఆ వ్యాసంలో మా కంపెనీ సైటుకు రెండు లింకులు ఉంటాయి. అందుకు మీకు అయిదు వేలు పంపుతాం" అని వాటి సారాంశం. విషయం కార్యవర్గంలో చర్చకు వచ్చింది. "ఊరికే వచ్చే డబ్బు. ఉగాది సంచిక కాగితం ఖర్చుకైనా అక్కరకొస్తుంది. రెండు లింకులు పెడితే మన సొమ్మేం పోయిందండీ?" అని కోశాధికారి గారు అడిగారు.

ప్రశ్న న్యాయమైనదే. మన సైటు చూసేవారు వందల్లో ఉంటారు, అందులో సగం మంది పెళ్ళిసంబంధాల పేజీ చూసి వెళ్ళిపోతారు. అలాంటి సైటులో రెండు లింకులకోసం ముక్కూ మొహం ఎరగని కంపెనీ అయిదు వేలు ఎందుకు ఇస్తుంది? ఆ డబ్బు మన పాఠకుల కోసం కాదు, గూగుల్ కోసం. గూగుల్ వంటి సెర్చ్ ఇంజన్లు లింకును ఏ దృష్టితో చూస్తాయో తెలిస్తే ఈ బేరం లోగుట్టు తెలుస్తుంది. నేను కంప్యూటరు చదువు చదివినవాణ్ణి కాను, బీకాం చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయినా ధైర్యంగా ఈ సంగతి ఎత్తుకుంటున్నాను. ఎందుకంటే ఇదంతా సంతకాల వ్యవహారం. సంతకాల వ్యవహారంలో బ్యాంకువాడికి కాస్త అనుభవం ఉంటుంది.

పరిచయ సంతకం

మీలో యాభై దాటినవారికి గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు బ్యాంకులో ఖాతా తెరవాలంటే, అప్పటికే అక్కడ ఖాతా ఉన్నవారు ఒకరు దరఖాస్తు మీద పరిచయ సంతకం చేయాలి. "ఈ మనిషిని నేనెరుగుదును" అని దాని అర్థం. అది ఉత్తుత్తి లాంఛనం కాదు. దొంగ చెక్కు ఒకటి మా ఖాతా ద్వారా వసూలైపోతే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 131వ సెక్షను ఇచ్చే రక్షణ మాకు దక్కాలంటే, మేము అజాగ్రత్తగా లేమని చూపించుకోవాలి. పరిచయ సంతకం అందుకొక ఆధారం. తర్వాత గుర్తింపు పత్రాల పద్ధతి స్థిరపడింది. ఇక పరిచయ సంతకం కోసం పట్టుబట్టవద్దని రిజర్వు బ్యాంకు 2012 డిసెంబరులో చెప్పింది.

ఆ రోజుల్లో కౌంటరు వెనక కూర్చున్న మాకు ఒక చూపు అలవడింది. సంతకం ఉందా లేదా అన్నది ఒక ఎత్తు, ఎవరి సంతకం అన్నది మరో ఎత్తు. పాతికేళ్ళుగా మచ్చ లేకుండా ఖాతా నడుపుతున్న హైస్కూలు హెడ్మాస్టరు గారి సంతకం వేరు. నిన్న ఖాతా తెరిచి, ఇవాళ పదిమందిని వెంటబెట్టుకొచ్చిన పెద్దమనిషి సంతకం వేరు.

సెర్చ్ ఇంజను చూపు కూడా ఇలాంటిదే. ఒక సైటు నుంచి మరో సైటుకు లింకు ఇచ్చామంటే "ఆ పేజీ నేనెరుగుదును, చూడదగ్గది" అని పరిచయ సంతకం చేశామన్నమాట.

లెక్క ఎక్కడ మొదలైంది?

తొలినాటి సెర్చ్ ఇంజన్లు ప్రధానంగా పేజీలో ఉన్న మాటలనే చూసేవి. "పట్టుచీరలు" అని మీరు వెతికితే, ఆ మాట ఎక్కువసార్లు ఉన్న పేజీని ముందుకు తెచ్చేవి. ఇంకేం, కొందరు అదే మాటను వందసార్లు రాసి పెట్టుకునేవారు. తన గొప్ప తానే చెప్పుకునేవాడిని ముందు కూర్చోబెట్టినట్టుండేది. 1997 నవంబరు నాటికి పేరుమోసిన నాలుగు వాణిజ్య సెర్చ్ ఇంజన్లలో, తన పేరును తనలోనే వెతికితే మొదటి పది ఫలితాల్లో తన పేజీని చూపగలిగింది ఒక్కటేనట! అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న సెర్గీ బ్రిన్, లారీ పేజ్ అనే ఇద్దరు విద్యార్థులు 1998లో ప్రచురించిన వ్యాసంలో ఈ మాట రాశారు. ఆ ఏడాదే వారు గూగుల్ కంపెనీని స్థాపించారు.

వారు చేసిన పని ఏమిటంటే, పేజీ తన గురించి తాను ఏం చెప్పుకుంటోందో దానితో సరిపెట్టుకోకుండా, ఇతరులు ఆ పేజీని ఎంతగా చూపిస్తున్నారో లెక్కగట్టడం. ఈ ఆలోచనకు పండితలోకంలో మూలం ఉంది. ఒక శాస్త్రవేత్త వ్యాసాన్ని తర్వాతివారు ఎందరు ఉదహరించారో చూసి దాని విలువ కట్టవచ్చన్న సంగతి అప్పటికే వాడుకలో ఉంది. యూజీన్ గార్ఫీల్డ్ 1955లో అటువంటి సూచిక ఉండాలని ప్రతిపాదించి, 1960లలో దాన్ని తయారుచేసి చూపించారు కూడా. గూగుల్ విద్యార్థులు ఆ పద్ధతిని వెబ్ పేజీలకు మలిచి, దానికి పేజ్‌ర్యాంక్ అని పేరుపెట్టారు. అందులోని "పేజ్" లారీ పేజ్ గారి ఇంటిపేరు. పేటెంటు మాత్రం విశ్వవిద్యాలయానిది. దాని వాడకానికి ప్రతిఫలంగా పుచ్చుకున్న గూగుల్ షేర్లను అమ్మితే, 2005 నాటికి ఆ విశ్వవిద్యాలయానికి ముట్టింది దాదాపు 33 కోట్ల 60 లక్షల డాలర్లు. విద్యార్థుల లెక్కల పుస్తకం విలువ అంత!

ఈ లెక్కలో రెండు మెలికలున్నాయి. మొదటిది, పరువున్న పేజీ ఇచ్చిన లింకుకే బరువెక్కువ. ఆ పేజీకి పరువు ఎక్కడినుంచి వచ్చింది? దానికి మరికొన్ని పరువున్న పేజీలు లింకు ఇచ్చాయి కాబట్టి. ఇలా ఒకదానిమీద ఒకటి ఆధారపడిన కోట్ల పేజీల లెక్కను మళ్ళీ మళ్ళీ వేసి, అంకెలు నిలకడగా వచ్చేదాకా తిప్పుతారు. రెండోది, ఒక పేజీకి ఉన్న బరువు అది ఇచ్చే లింకులన్నిటికీ పంచుకుపోతుంది. స్థూలంగా చెప్పాలంటే, వంద మార్కుల బరువున్న పేజీ ఇద్దరికి లింకులిస్తే తలా యాభై. వందమందికి ఇస్తే తలా ఒకటి. అడిగినవాడికల్లా సంతకం పెట్టే మనిషి సంతకానికి విలువ తగ్గడం లోకంలో ఉన్నదే కదా!

ఈనాటి సెర్చ్ ఇంజన్లు ఇదొక్కటే చూడవు. పేజీలోని విషయం, భాష, వెతికేవారు ఉన్న ఊరు, పేజీ కొత్తదా పాతదా, ఇలా ఎన్నో చూస్తాయి. లింకు ఇప్పుడు అనేక సాక్ష్యాలలో ఒకటి. ఆ సాక్ష్యానికి ఇంకా విలువ ఉంది కాబట్టే బేరగాళ్ళు మన గుమ్మం తొక్కుతున్నారు.

సంతకం పక్కన రాసిన మాట

లింకు ఇచ్చేటప్పుడు ఏదో ఒక మాట మీద నొక్కమంటాం కదా, ఆ మాటను కూడా సెర్చ్ ఇంజను చదువుతుంది. "షోలాపూరు చేనేత చరిత్ర" అనే మాటకు లింకు తగిలిస్తే, అవతలి పేజీ ఆ విషయానికి సంబంధించినదని గ్రహిస్తుంది. "ఇక్కడ నొక్కండి" అని రాస్తే దానికి బోధపడేది ఏమీ లేదు.

ఈ మాటకున్న బలాన్ని కొందరు కొంటె పనికి వాడుకున్నారు. 2003లో అమెరికాలో చాలామంది కూడబలుక్కొని, "ఘోర వైఫల్యం" అని అర్థం వచ్చే "మిజరబుల్ ఫెయిల్యూర్" అన్న మాటకు అప్పటి అధ్యక్షుడు జార్జి బుష్ అధికారిక జీవిత పరిచయం పేజీని లింకుగా పెట్టారు. ఆ మాట ఆ పేజీలో ఎక్కడా లేదు. అయినా గూగుల్‌లో ఆ మాట వెతికితే మొదట వచ్చేది ఆయన పేజీయే! 2007 జనవరిలో గూగుల్ తన లెక్కను సవరించుకున్నాక ఆ వినోదం ముగిసింది. పదిమంది కలిసి ఒక మాటను పదే పదే అంటే యంత్రం కూడా నమ్ముతుందని ఆనాడు తేలిపోయింది.

పూచీ లేని సంతకం

వాణిజ్యశాస్త్రం చదివినవారికి "శాన్స్ రికోర్స్" అన్న మాట తెలిసే ఉంటుంది. ఒక హుండీని గాని బిల్లును గాని మరొకరికి ఎండార్సు చేసేటప్పుడు ఈ మాట చేర్చి సంతకం చేస్తే, "కాగితం మీ చేతికి బదలాయిస్తున్నాను గాని, రేపు డబ్బు రాకపోతే నన్ను అడగవద్దు" అని అర్థం. మన 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 52వ సెక్షను అలా పూచీ వదులుకోవడాన్ని అనుమతిస్తుంది.

వెబ్ లోకంలో ఇటువంటి సంతకం 2005 జనవరిలో పుట్టింది. దాని పేరు నోఫాలో. ఎవరైనా వచ్చి తమ మాట రాసిపోవడానికి వీలున్న పేజీలన్నిటా మందుల కంపెనీలు, జూదపు కంపెనీలు తమ లింకులు అంటించి పోతుండేవి. గోడమీద "ఇచ్చట ప్రకటనలు అంటించరాదు" అని రాసినా ఫలితం లేకపోయింది. దాంతో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ మూడూ కలిసి, లింకు వెనక కంటికి కనిపించని ఈ గుర్తు ఉంటే దాన్ని పరిచయ సంతకంగా లెక్కలోకి తీసుకోబోమని ప్రకటించాయి. పాఠకుడు నొక్కితే లింకు మామూలుగానే పనిచేస్తుంది. పూచీ మాత్రం ఉండదు. ఎవరు పడితే వారు దిద్దగలిగే ఇంగ్లీషు వికీపీడియా 2007 జనవరి నుంచి బయటి సైటులకు ఇచ్చే లింకులన్నిటికీ ఈ గుర్తు పెట్టింది.

2019 సెప్టెంబరులో గూగుల్ మరో రెండు గుర్తులను చేర్చింది. డబ్బు పుచ్చుకుని పెట్టిన లింకుకు స్పాన్సర్డ్ అనీ, పాఠకులు తమంతట తాము రాసిన చోట ఉన్న లింకుకు యూజీసీ అనీ గుర్తు పెట్టమంది. ఈ యూజీసీ మన కాలేజీలకు గ్రాంటులిచ్చే యూజీసీ కాదు సుమండీ! అప్పటినుంచి గూగుల్ ఈ గుర్తులను ఆజ్ఞగా కాక సూచనగా తీసుకుంటోంది. అంటే, గుర్తు ఉన్నా పరిస్థితిని బట్టి తన తెలివి తాను వాడుకుంటుంది.

కాబట్టి చూడటానికి ఒకేలా ఉన్న లింకుల్లో పూచీ ఉన్నవి, పూచీ లేనివి, డబ్బుకు పెట్టినవి అని రకాలున్నాయి. మనకు వచ్చిన ఈమెయిలులో చివర చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంది: "లింకుకు నోఫాలో గాని స్పాన్సర్డ్ గాని పెట్టకూడదు." అసలు కీలకం అక్కడుంది. ప్రకటన ఇచ్చి, దాన్ని ప్రకటన అని చెప్పవద్దంటున్నారు. వారు కొనదలచింది చోటు కాదు, మన పూచీ.

సరుకు లేని బిల్లులు

బీకాం పాఠాల్లో అకామడేషన్ బిల్లు అని ఒకటి వచ్చేది. మామూలు వ్యాపార బిల్లు వెనక సరుకు ఉంటుంది. బియ్యం కొన్నవాడు మూడు నెలల్లో డబ్బిస్తానని ఒప్పుకుని సంతకం చేస్తాడు. అకామడేషన్ బిల్లులో సరుకు ఉండదు. నేను మీ మీద ఒక బిల్లు రాస్తాను, మీరు నా మీద ఒకటి రాస్తారు, ఇద్దరం రెండు బ్యాంకుల్లో డిస్కౌంటు చేసుకుని డబ్బు వాడుకుంటాం. బ్యాంకుల్లో దీనికి గాలిపటాలు ఎగరేయడమని ముద్దుపేరు. గాలి ఉన్నంతసేపూ బాగానే ఎగురుతాయి.

వెబ్‌లో కూడా ఈ గాలిపటాలు ఉన్నాయి. "నువ్వు నాకు లింకివ్వు, నేను నీకిస్తా" అనే మార్పిడి బేరాలు, ఒకే మనిషి వంద సైటులు పెట్టి వాటికి వాటిచేతే ఒకదానికొకటి లింకులు ఇప్పించుకోవడం, డబ్బిచ్చి లింకులు కొనడం, ఇతరుల సైటులోకి దొంగతనంగా చొరబడి కనిపించకుండా లింకులు దాచిపెట్టడం. పైకి చూస్తే అందరూ శ్రీవైష్ణవులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం!

వీటిలో జగమెరిగిన ఉదాహరణ ఒకటి చెబుతాను. అమెరికాలో జేసీ పెన్నీ అని పెద్ద దుకాణాల సంస్థ ఉంది. 2010 చివర పండుగ అమ్మకాల రోజుల్లో, దుస్తులు, పరుపులు, కార్పెట్లు, ఏది వెతికినా గూగుల్‌లో ఆ సంస్థ పేజీయే ముందుండేది. న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఆరా తీయిస్తే, దుస్తులతో ఏ సంబంధమూ లేని వేలాది పేజీల్లో ఆ సంస్థకు లింకులు పెట్టి ఉన్నాయని తేలింది. 2011 ఫిబ్రవరిలో ఆ కథనం వచ్చింది. గూగుల్ చర్య తీసుకున్న తర్వాత, ఒక మాట విషయంలో మొదటి స్థానంలో ఉన్న పేజీ డెబ్బై దాటి కిందికి పోయింది. ఆ లింకులు తమ అనుమతితో పెట్టినవి కావని సంస్థ చెప్పుకుని, ఈ పని చూస్తున్న సలహాదారు కంపెనీని తొలగించింది. సంతకం ఎవరు పెట్టించినా, నష్టం మాత్రం పేరున్నవాడికే వచ్చింది.

2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే సవరణ తెచ్చి, ఇలాంటి లింకులతో పైకెక్కిన సైటులను కిందికి దింపింది. చాలామంది గగ్గోలు పెట్టారు. "మాకు తెలియకుండా ఎవరో మాకు చెత్త లింకులిచ్చారు, మేమేం చేస్తాం?" అన్నారు. అదే ఏడాది అక్టోబరులో, "ఈ లింకులు నావి కావు, లెక్కలో తీసుకోవద్దు" అని సైటు యజమానే తెలియజేసుకునే సదుపాయం కల్పించారు. 2016 నుంచి ధోరణి కొంత మారింది. అలాంటి లింకులు కనబడితే సైటు మొత్తాన్ని తొక్కేయడం కంటే, ఆ లింకులకు సున్న విలువ కట్టి ఊరుకోవడం ఎక్కువైంది. అంటే, "అయిదు వేలకు వెయ్యి లింకులు" అని మీ అబ్బాయి కొత్త వ్యాపారానికి ఎవరైనా ఆశపెడితే, ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరు కావడానికే అవకాశం ఎక్కువ. మరీ శ్రుతిమించితే గూగుల్ మనుషులే చూసి చర్య తీసుకునే పద్ధతి ఇప్పటికీ ఉంది.

కోశాధికారి గారికి జవాబు

మన పత్రిక వెనక అట్టమీద నగల దుకాణం ప్రకటన వేసుకుంటున్నాం. తప్పేమీ లేదు. చూసినవారికి అది ప్రకటన అని తెలుసు. సైటులో కూడా అలాగే వేసుకోవచ్చు. "ప్రకటన" అని పైన రాసి, లింకుకు స్పాన్సర్డ్ గుర్తు పెడితే గూగుల్‌కు అభ్యంతరం లేదు, మన పాఠకులకూ మోసం లేదు. ఆ షరతుకు ఒప్పుకునే వ్యాపారులు వస్తే సంతోషంగా డబ్బు తీసుకుందాం.

అలా కాక, ప్రకటనను వ్యాసంగా మార్చి, గుర్తు పెట్టకుండా మన పూచీ అమ్ముకోవడం వేరు. ఇలాంటి బేరాల వెనక పందేల సైటులు, అప్పుల యాప్‌లు ఉండటం మామూలు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ వాటి ప్రకటనలనూ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. పేరున్న సైటులు తమ పరువును ఇతరులకు అద్దెకివ్వడాన్ని కూడా గూగుల్ 2024 మార్చిలో తప్పుల జాబితాలో చేర్చింది. సంఘానికి ఆస్తి అంటూ ఉంటే అది మన పెద్దలు నిలబెట్టిన పేరు. దాన్ని తాకట్టు పెట్టినా అయిదు వేల కంటే ఎక్కువ వస్తుంది గాని, పెట్టవద్దన్నదే నా అభిప్రాయం.

వారసులు లేని పేరు

ఇంతకంటే పెద్ద ప్రమాదం మరొకటుంది. దాన్ని మనవాళ్ళు పట్టించుకోవడం లేదు. వెబ్‌సైటు పేరు మనకు శాశ్వతంగా రాసిచ్చిన ఆస్తి కాదు. గడువు కట్టి తీసుకున్నది. గడువు తీరాక కట్టకపోతే కొంతకాలానికి ఎవరైనా ఆ పేరు కొనుక్కోవచ్చు. సంఘాల్లో జరిగేది మీకు తెలిసిందే. ఒక ఉత్సాహవంతుడైన కార్యదర్శి తన సొంత పేరుమీద, తన కార్డుతో సైటు తెరుస్తాడు. రెండేళ్ళకు బదిలీ అవుతుంది. గడువు గుర్తుచేసే ఈమెయిళ్ళు ఎవరూ చూడని పెట్టెలో పడుతుంటాయి.

ఆ పేరును కాచుకుని కూర్చునేవారున్నారు. వారికి కావలసింది మన సైటులోని ఫొటోలు కాదు. మన పేరుకు బడులు, కాలేజీలు, పత్రికలు, ఇతర సంఘాలు ఏళ్ళ తరబడి ఇచ్చిన లింకులు. పేరు చేతులు మారినా ఆ లింకులు అటే చూపిస్తుంటాయి. చనిపోయినవారి చెక్కు పుస్తకం దొరికినట్టే! నిన్నటిదాకా బాలవికాస్ తరగతులు చూపిన చోట ఇవాళ పందేల బోర్డు వెలుస్తుంది. ఇలా గడువు తీరిన పేర్లను కొని వాటి పరువును వాడుకోవడం కూడా 2024 మార్చి నుంచి గూగుల్ నియమాలకు విరుద్ధమే. అయినా నియమం ఉన్నంత మాత్రాన మన పేరు మనకు తిరిగిరాదు. అందుకని సైటు పేరు సంఘం పేరుమీద ఉండాలి. గడువు ఒకేసారి అయిదేళ్ళకు కట్టాలి. సమాచారం అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురికీ వెళ్ళాలి. బ్యాంకు ఖాతాను ఒక్క సంతకంతో నడపనివ్వం కదా, ఇదీ అంతే.

చిరునామా మారితే

సైటు పేరు మనమే మార్చుకోవలసి వస్తే? పాత చిరునామాకు వచ్చిన ఉత్తరాన్ని తపాలావారు కొత్త చిరునామాకు పంపినట్టు, పాత పేజీకి వచ్చినవారిని కొత్త పేజీకి మళ్ళించే ఏర్పాటు ఉంది. శాశ్వతంగా మారాం అని చెప్పే మళ్ళింపును 301 అనీ, తాత్కాలికంగా అని చెప్పేదాన్ని 302 అనీ అంటారు. 301 పెడితే పాత పేజీ సంపాదించుకున్న పరువు కొత్త పేజీకి జమ అవుతుంది. ఏదీ పెట్టకుండా పాతది మూసేస్తే, వచ్చినవారికి 404 అనే అంకె కనిపిస్తుంది. "ఇల్లు ఖాళీ" అని దాని అర్థం.

దీనికి మంచి ఉదాహరణ మా బ్యాంకులే. బ్యాంకుల పేరుతో దొంగ సైటులు ఎక్కువవుతున్నాయని, వాణిజ్య బ్యాంకులు, సహకార బ్యాంకులు అన్నీ "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" అని ముగిసే పేర్లకు 2025 అక్టోబరు 31 లోగా మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ పేర్లను నమోదు చేసే అధికారం హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీ అనే సంస్థ ఒక్కదానికే ఉంది. ఆ తోక బ్యాంకు కానివారికి దొరకదు. మీ బ్యాంకు చిరునామా చివర ఆ తోక ఉందో లేదో చూసుకోవడం ఇంట్లో అందరికీ అలవాటు చేయండి.

ఈ సందర్భంలోనే ఇంకో హెచ్చరిక. గూగుల్‌లో ముందు వచ్చింది గనుక నిజమే అయి ఉంటుందనుకోవద్దు. పైన "స్పాన్సర్డ్" అని ఉన్నవి డబ్బిచ్చి కొన్న చోట్లు. కింద వచ్చేవి కూడా యంత్రం వేసిన అంచనాలే గాని ఎవరి హామీ పత్రాలూ కావు. వెతికితే దొరికిన దొంగ కస్టమర్ కేర్ నంబరుకు ఫోను చేసి డబ్బు పోగొట్టుకునేవారి గురించి రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో తెచ్చిన పుస్తకంలో ప్రత్యేకంగా హెచ్చరించింది. నంబరు కావాలంటే మీ పాసుబుక్కు మీదో, కార్డు వెనకో చూడండి. ఒకవేళ మోసం జరిగితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి. అమ్మమ్మలూ తాతయ్యలూ ఉన్న ఇళ్ళలో ఈ నాలుగు అంకెలు గోడ క్యాలెండరు మీద రాసిపెట్టండి.

మన లింకులు మనం

చివరగా మన సంగతి. ఒక పేజీకి ఎక్కడినుంచీ లింకు లేకపోతే సెర్చ్ ఇంజను దాన్ని కనుక్కోవడమే కష్టం. సెర్చ్ ఇంజను లింకుల దారినే ఒక పేజీనుంచి మరో పేజీకి నడుస్తుంది. దారి లేని ఇంటికి చుట్టాలెలా వస్తారు? మన సంఘాల సైటుల్లో ఎన్నో విలువైన పేజీలు ఇలా దారి లేకుండా పడి ఉన్నాయి. షోలాపూరులో మగ్గం మీద బతికిన పద్మశాలి కుటుంబాల జ్ఞాపకాలు, బరంపురం తెలుగు నాటకాల ముచ్చట్లు, 1954 దాకా ఫ్రెంచివారి కింద ఉన్న యానాం కబుర్లు, హోసూరు, బళ్ళారి పాత ఇళ్ళలో వినిపించే తెలుగు. ఇవన్నీ ఎవరో ఒకరు శ్రమపడి రాసినవే. పుణేలోనో బెంగుళూరులోనో పెరిగిన మనవరాలు "మా నాన్నమ్మ వాళ్ళ ఊళ్ళో తెలుగువాళ్ళు ఎప్పుడు స్థిరపడ్డారు?" అని తెలుగులో వెతికితే ఏమీ దొరకదు. రాసినవారు లేక కాదు, ఇదిగో అని చూపించేవారు లేక.

కనుక చేయవలసిన పనులు నాలుగే. మన సైటులో ఒక పేజీనుంచి సంబంధమున్న మరో పేజీకి మనమే లింకులు వేయాలి. సొంత పేజీల మధ్య లింకుకు విలువ లేదనుకోకండి. లెడ్జరులో ఫోలియో నంబరు లాంటిది అది, యంత్రానికి దారి చూపుతుంది. రెండు, "ఇక్కడ నొక్కండి" మాని, విషయం తెలిసేలా తెలుగు మాటలతో లింకు ఇవ్వాలి. మూడు, పాత సంచికలను బొమ్మలుగా స్కాన్ చేసి వదిలేయకుండా, కనీసం విషయసూచికనైనా అక్షరాల్లో టైపు చేసి పెట్టాలి. నాలుగు, ఇతర ఊళ్ళ తెలుగు సంఘాల సైటుల్లో మంచి వ్యాసం కనిపిస్తే మన సైటు నుంచి దానికి లింకు ఇవ్వాలి.

"మరి ఇందాక మార్పిడి బేరాలు తప్పన్నారే!" అని ఎవరైనా అడగవచ్చు. తేడా సరుకులో ఉంది. చదివి, నచ్చి, మన పాఠకులకు పనికొస్తుందని ఇచ్చిన లింకు సరుకున్న బిల్లు. వారు కూడా అలాగే మనది చదివి ఇస్తే అదీ సరుకున్న బిల్లే. చదవకుండా జాబితాకు జాబితా వేసుకుంటే గాలిపటం.

వచ్చే సంచికలోగా మీ ఊరి తెలుగు సంఘం సైటులో మీకు నచ్చిన ఒక్క పేజీ చిరునామా, అది ఎందుకు చదవాలో రెండు వాక్యాలూ రాసి సంపాదకులకు పంపండి. మన యువ సభ్యులు చదివి చూసి, మన సైటులో వాటికి లింకులు పెడతారు. వాటికి మాత్రం పూచీ గల సంతకమే పెడదాం.